వియ్యంకులు విప్పిన టై రాడ్డు

కారు ముందు చక్రాల దగ్గర చప్పుడు మొదలై నాలుగు నెలలైంది. భాస్కరరావు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఆ కారు వియ్యంకుడిచ్చింది.

వియ్యంకుడంటే సలోమోను మాస్టారు. బాపులపాడు దగ్గర హైస్కూల్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన కొడుకు పాల్ రాజు, భాస్కరరావు కూతురు నవ్య ఏలూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. వీళ్లేమో గుడికెళ్లేవాళ్లు, వాళ్లేమో చర్చికెళ్లేవాళ్లు. ఒక నెలపాటు రెండిళ్లలోనూ ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత అందరూ ఒప్పుకున్నారు, రిజిస్టరాఫీసులో పెళ్లయింది. అసలు తంటా ఆ తర్వాతే మొదలైంది. ఎక్కడ ఏ మాట తేడా వస్తుందోనన్న భయంతో ఇద్దరు వియ్యంకులూ మర్యాదలకి దిగారు.

"ముందు మీరు రండి బావగారూ" అని ఒకరు, "అయ్యో, మీరు పదండి బావగారూ" అని ఇంకొకరు గుమ్మం దగ్గరే నిలబడిపోయేవాళ్లు. వెనకున్న ఆడవాళ్లిద్దరూ వాళ్ల పక్కనుంచి దూరి లోపలికెళ్లి, ఫ్యానేసుకుని, మంచినీళ్లు తాగి, చీరల కబుర్లలో పడేదాకా ఆ ఇద్దరూ గుమ్మంలోనే ఉండేవాళ్లు.

ఆ మర్యాదల్లో భాగంగానే కారూ వచ్చింది. పాల్ రాజు తండ్రికి కొత్త కారు కొనిపెట్టగానే మాస్టారు పాత తెల్లకారుని శుభ్రంగా కడిగించి, సీటు కవర్లు కుట్టించి, "ఊరికే షెడ్డులో పడుంది బావగారూ, మీ తోటకైనా పనికొస్తుంది" అని తాళాలు చేతిలో పెట్టారు. భాస్కరరావుకి నూజివీడు, రెడ్డిగూడెం మధ్య రెండెకరాల మామిడి తోట, అందులోనే ఇల్లు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేశాడు. బండి నడపడం మాత్రం రిటైరయ్యాకే నేర్చుకున్నాడు. అయినా తనకి బండ్ల గురించి తెలియని విషయం లేదని ఆయన గట్టి నమ్మకం. "నడిపేవాడికి రోడ్డే కనిపిస్తుంది. పక్కన నిలబడ్డవాడికి బండంతా వినిపిస్తుంది" అనేవాడు.

అందుకే కారు గుంతలో పడ్డప్పుడల్లా "కటక్" మని వినిపించే చప్పుడు ఆయన్ని బాగా బాధపెట్టింది. కాయల ట్రాక్టర్లు తిరిగి తిరిగి తోట దారి ఎడాపెడా గోతులైపోయింది. ఆ గోతుల్లో తిప్పి బావగారి కారుని తనే పాడుచేశాననుకున్నాడు. ఈ మాట బావగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా!

మే నెల రెండోవారంలో రసాలు తినడానికి రమ్మని వియ్యాలవారిని పిలిచాడు. కొత్త కారు పిల్లలు తీసుకెళ్లారని తెలిసి, శుక్రవారం పొద్దున్నే తనే భార్య పుష్పవతిని వెంటబెట్టుకుని వాళ్లని తీసుకురావడానికి వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో మగవాళ్లిద్దరూ ముందు, ఆడవాళ్లిద్దరూ వెనక.

హనుమాన్ జంక్షన్ దాటి మొదటి గుంత రాగానే "కటక్" మంది.

"ఈ ఏడు పూత బాగా వచ్చిందండీ బావగారూ!" అని గొంతు పెంచాడు భాస్కరరావు.

"అలాగా బావగారూ!" అని మాస్టారు అంతకంటే గట్టిగా అన్నారు. "కటక్, కటక్" మంది కారు.

"పిందె దశలో గాలివాన కొట్టిందండీ!"

"అయ్యయ్యో! మరి కాపో?"

"కటక్."

"కాపు ఫరవాలేదండీ!"

ఇద్దరూ అలా అరుచుకుంటూ నూజివీడు దాకా వచ్చారు. మాస్టారి మెడ మీద నరాలు పైకి లేచాయి. తోట దారిలోకి తిరిగేసరికి చప్పుడు ఆగకుండా వస్తోంది, మాట్లాడటానికి ఇద్దరి దగ్గరా ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు వెనక నుంచి మాస్టారి భార్య మగ్దలేనమ్మ తాపీగా అంది.

"అన్నయ్యగారూ, ఆ చప్పుడు మా దగ్గరున్నప్పటిదే. రెండేళ్ల నుంచీ ఉంది. మీరేం గొంతు చించుకోనక్కర్లేదు."

మగ్దలేనమ్మ ఊళ్లు తిరిగి సూదులు వేసిన నర్సమ్మ. నొప్పి ఉంటుందని ముందే చెప్పి పొడవడం ఆవిడకి అలవాటు.

మాస్టారి మొహం పాలిపోయింది. "రెండేళ్లా? నాకు... నాకు వినపడలేదే!"

"మీకు వినపడింది. డిక్కీలో ఏదో దొర్లుతోందని డిక్కీ మొత్తం ఖాళీ చేశారు కూడా."

పుష్పవతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భాస్కరరావు ఇంటి ముందు కారాపాడు. నాలుగు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. కానీ పక్కన బావగారు సీటులోకి కుంచించుకుపోతుంటే సంతోషపడటానికీ లేదు.

"పాడైన బండి మీకు అంటగట్టాను బావగారూ" అన్నారు మాస్టారు సన్నగా.

"అబ్బే, మీదేం లేదు. గోతుల్లో తిప్పి ముదరబెట్టింది నేను."

"కాదండీ, తప్పు నాది."

"నాదండీ బావగారూ."

"ఎవరిదో ఒకరిది, ముందు దిగండి" అంది పుష్పవతి. "అన్నం చల్లారిపోతోంది."

సాయంత్రం ఇద్దరూ కారేసుకుని నూజివీడులో ఫణి షెడ్డుకెళ్లారు. మామిడి రోజుల్లో మెకానిక్కుల్ని పట్టుకోవడం కష్టం. షెడ్డు ముందు కాయల లారీలు, ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. ఫణి ఒక లారీ కింద నుంచి నడుం దాకా బయటికి జరిగి, పక్కనే ఆగిన వీళ్ల కారు ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు.

"టై రాడ్లు పోయాయండీ. స్టీరింగు తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీలే టై రాడ్లు. వాటి చివర కీళ్లుంటాయి, మన మోకాళ్లలాగా. మీదున్న రబ్బరు బూట్లు చిరిగి మట్టి దూరింది, కీళ్లు అరిగిపోయాయి. రెండువైపులా మార్చాలి. గురువారం తీసుకురండి."

"రేపు మధ్యాహ్నానికి కావాలి ఫణీ. ఆదివారం చర్చిలో బావగారు వాక్యం చదవాలి" అన్నాడు భాస్కరరావు.

"కాయ కుళ్లిపోతే రైతులు నన్ను కొడతారండీ. గురువారం" అని ఫణి తల లోపలికి లాక్కున్నాడు.

బస్సులున్నాయి కదా అని పుష్పవతి ఇంటి దగ్గరే చెప్పింది. అది భాస్కరరావుకి ఎక్కలేదు. ముప్పై ఏళ్లు లోకాన్నంతా బస్సెక్కించిన మనిషికి, సొంత వియ్యంకుణ్ణి బస్సెక్కించడం చచ్చేంత నామోషీ.

"మనమే మార్చేద్దాం బావగారూ" అనేశాడు.

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు. పాడైన బండి ఇచ్చానన్న బాధలో ఉన్న మనిషి. తోక పట్టుకుని పాముని లాగుదామన్నా ఆ సాయంత్రం సరేననేవారు. "తప్పకుండా బావగారూ" అన్నారు.

స్పేరుపార్టుల షాపులో కొత్త రాడ్లు, చివరి కీళ్లు, రబ్బరు బూట్లు, గ్రీజు తీసుకున్నారు. ఫణి లారీ కిందనుంచే స్పానర్లు, సుత్తి అరువిచ్చాడు. తర్వాత ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఫోనులో ఒక వీడియో నాలుగుసార్లు చూశారు. అది మలయాళంలో ఉంది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ అందులో మనిషి పాత కీలుని మరలు తిప్పి ఊడదీస్తూ, ఎన్ని చుట్లు తిప్పాడో వేళ్లతో చూపించాడు. కొత్తది ఎక్కించేటప్పుడూ అన్నే వేళ్లు చూపించాడు.

"అదన్నమాట కిటుకు! చుట్లు లెక్కపెట్టాలి" అన్నారు మాస్టారు. లెక్క అనే మాట రాగానే ఆయన మొహంలోకి రక్తం వచ్చింది.

శనివారం ఏడు గంటలకల్లా ఇంటి ముందు సిమెంటు చప్టా మీద కారు నిలబెట్టారు. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు జాకీ ఎత్తి, జాకీ జారితే మనిషి మీద పడకుండా స్పేరు టైరుని కారు కిందకి తోశారు. మాస్టారు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. కుంకుమ పొట్లంతో వంగబోయిన భాస్కరరావు ప్రార్థన అయ్యేదాకా వంగినట్టే ఆగాడు. కళ్లు తెరిచిన మాస్టారు అది చూసి, "అయ్యో, ముందు మీరు కానివ్వాల్సింది బావగారూ" అని నొచ్చుకున్నారు. "అబ్బే, మీదే ముందు" అన్నాడు భాస్కరరావు నడుం పట్టుకుని.

ఎడమ చక్రం ఊడదీశారు. చిరిగిన రబ్బరు బూటులోంచి గ్రీజు, ఎర్రమట్టి కలిసి ఎండిపోయి మామిడి తాండ్రలా పొరలు పొరలుగా వచ్చింది. నట్టు ఊడకుండా అడ్డం గుచ్చిన స్ప్లిట్ పిన్ను లాగారు, నట్టు విప్పారు. కానీ కీలు మాత్రం దాని గూటిలోంచి కదల్లేదు. పక్కనుంచి సుత్తితో కొట్టాలని వీడియోలో చూశారు.

"మీరు కొట్టండి బావగారూ."

"మీ చేత్తో మొదలెట్టండి బావగారూ."

తలా ఒక దెబ్బ చొప్పున వంతులేసుకుని కొట్టారు. ఒకరు కొట్టాక సుత్తి తుడిచి రెండోవారికి అందించేవాళ్లు. పావుగంట గడిచినా కీలు కదల్లేదు. టీ తెచ్చిన మగ్దలేనమ్మ కాసేపు చూసి, గ్లాసులు బానెట్టు మీద పెట్టి, "జరగండి" అంది. చీర కుచ్చెళ్లు దోపుకుని సుత్తి తీసుకుని రెండు దెబ్బలు వేసింది. రెండో దెబ్బకి కీలు టప్పున ఊడి కిందపడింది.

"టీ తాగండి" అని ఆవిడ లోపలికెళ్లిపోయింది. దాని గురించి ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

ఇక చుట్ల లెక్క. భాస్కరరావు కారు కింద వెల్లకిలా పడుకుని తిప్పుతున్నాడు, మాస్టారు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నారు. పైకి లెక్కపెడితే రెండోవారిని నమ్మనట్టు ఉంటుందని ఇద్దరూ మనసులోనే లెక్కపెట్టుకున్నారు. మధ్యలో పుష్పవతి వచ్చి, "పులుసు కూర చెయ్యనా, వేపుడు చెయ్యనా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు భాస్కరరావు. కీలు ఊడి చేతిలోకొచ్చింది.

"పదిహేడు కదండీ?" అన్నాడు.

మాస్టారు నసిగారు. "నాకు పందొమ్మిది వచ్చింది. కానీ స్పానరు మీ చేతిలో ఉంది, పదిహేడే అయ్యుంటుంది."

"అబ్బే, మీరు లెక్కల మాస్టారు. పందొమ్మిదే."

"అలా కాదు బావగారూ, మీ మాటే ఖాయం."

"మీ మాట కాదని నేను బిగించలేనండీ."

పది నిమిషాలు అలా తోసుకున్నాక చివరికి పద్దెనిమిదికి ఒప్పుకున్నారు. అది ఇద్దరిలో ఎవరికీ రాని అంకె. కాబట్టి ఎవరికీ అవమానం లేదు.

లోపలి రాడ్డు మార్చారు. కొత్త రబ్బరు బూటు తొడిగి క్లిప్పు బిగించారు. కొత్త కీలుని పద్దెనిమిది చుట్లు ఎక్కించారు. కుడివైపు పని మాత్రం సాఫీగా అయిపోయింది. ఈసారి ఇద్దరూ బడిపిల్లల్లా గొంతు కలిపి పైకే లెక్కపెట్టారు, పదహారు వచ్చింది, పదహారు ఎక్కించారు. అప్పటికి పన్నెండు దాటింది. ఎడమవైపు కీలు తిరక్కుండా పట్టి ఉంచే లాక్ నట్టు గట్టిగా బిగించడం ఒక్కటే మిగిలింది. భోజనం చేసొచ్చి బిగిద్దామనుకున్నారు.

మాస్టారు చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లారు. భాస్కరరావు ఒంటరిగా నిలబడి ఎడమ చక్రం వైపు చూశాడు. పదిహేడు. తన చేత్తో తిప్పాడు, తనకి తెలీదా? నిండు బస్సులో, జనం మోచేతుల మధ్య, ఎవరెక్కారో ఎవరు దిగారో ఒక్క తల తప్పకుండా ముప్పై ఏళ్లు లెక్కపెట్టిన మనిషి. పుష్పవతి మధ్యలో కూర గురించి అడిగితే మాత్రం లెక్క తప్పుతుందా? అటూ ఇటూ చూసి, వంగి, రాడ్డుని ఒక చుట్టు వెనక్కి తిప్పి లేచాడు. మనసుకి హాయిగా అనిపించింది. గోంగూర, పీతల పులుసుతో కడుపునిండా తిన్నాడు.

మూడు గంటలకి బయల్దేరారు. డిక్కీ నిండా రసాల పెట్టెలు సర్దారు. కారు తోట దారిలో గుంత మీదకెక్కి దిగింది. చప్పుడు లేదు. రెండో గుంతకీ లేదు.

"ఏమాటకామాటే, సైలెంటుగా ఉందండీ బావగారూ!" అన్నారు మాస్టారు.

"మీ చేతి చలవండీ" అన్నాడు భాస్కరరావు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

తారు రోడ్డెక్కాక ఛాతీ దిగిపోయింది. కారు తిన్నగా పోవాలంటే స్టీరింగుని ఎడమకి ఒంచి పట్టుకోవాల్సి వస్తోంది. వదిలేస్తే కారు కుడివైపుకి, ఎదురుగా వచ్చే బండ్ల మీదకి జరుగుతోంది. ముందు టైరు రోడ్డుని గీకుతూ సన్నగా ఏడుస్తోంది. భాస్కరరావు ఏమీ ఎరగనట్టు రెండు చేతులూ ఒకపక్కకి పెట్టుకుని నడిపాడు. పక్కనుంచి చూస్తే ఎవరినో భుజమ్మీద మోస్తున్నట్టున్నాడు.

మాస్టారు చూశారు. గొంతు సవరించుకున్నారు. "గాలి అటునుంచి వీస్తున్నట్టుంది బావగారూ."

"అవునండీ. రోడ్డు కూడా కాస్త వాలుగా వేశారు."

"ఆకు కదలట్లేదు" అంది పుష్పవతి వెనకనుంచి. "ఆ స్టీరింగేంటండీ, మెడ పట్టేసినట్టు అలా ఉంది?"

ఆయన జవాబు వెతుక్కునేలోపు ఎదురుగా కాయల ట్రాక్టరు వచ్చింది. భాస్కరరావు కంగారులో స్టీరింగుని ఎడమకి గట్టిగా తిప్పేశాడు. కారు రోడ్డు దిగి, ఒక మామిడి ప్యాకింగు షెడ్డు ముందు పోసిన ఎండుగడ్డి కుప్పలోకి మెత్తగా దూరి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. బానెట్టు మీద మాత్రం గడ్డి టోపీలా కూర్చుంది.

షెడ్డు కాపలాదారు వీరయ్య పరిగెత్తుకొచ్చాడు. కాయలు ఏరుతున్న ఆడవాళ్లు పని ఆపి నిలబడ్డారు. వియ్యంకులిద్దరూ చెరో తలుపు తీసుకుని దిగారు.

"నేను పందొమ్మిది అన్నాను" అన్నారు మాస్టారు. గొంతులో ఏదో తెగినట్టుంది.

"పద్దెనిమిదికి ఒప్పుకున్నారు కదండీ?"

"ఒప్పుకున్నాను. కానీ పద్దెనిమిది అయితే ఇంత తేడా రాదు. ఒక్క చుట్టేగా!"

భాస్కరరావుకి చెమట పట్టింది. మొహం తుడుచుకుని, "నేను దాన్ని పదిహేడుకి తిప్పానండీ" అన్నాడు.

"ఎప్పుడు?"

"మీరు చేతులు కడుక్కోవడానికెళ్లినప్పుడు."

మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. "అయ్యో ప్రభువా! భోజనమయ్యాక మీరు లుంగీ మార్చుకోవడానికి లోపలికెళ్లారు కదా, అప్పుడు నేనూ తిప్పాను!"

"పందొమ్మిదికా?"

"కాదండీ, మీ పదిహేడుకి! పద్దెనిమిది ఉందనుకుని ఒకటి వెనక్కి తిప్పి, నేనే లాక్ నట్టు బిగించేశాను. ఇప్పుడది పదహారు!"

"ఎందుకండీ తిప్పడం? మీకు పందొమ్మిది వచ్చిందిగా!"

"మీ ఇంట్లో, మీ కారు మీద, మీ మాట నెగ్గాలని తిప్పాను! మర్యాద కోసం!"

ఇక్కడ భాస్కరరావుకి కోపం వచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకే తెలీదు. "ఎవరడిగారండీ మీ మర్యాద? తెలిసిన లెక్క తెలిసినట్టు చెప్పొచ్చుగా! ముప్పై రెండేళ్లు పిల్లలకి ఇలాగే చెప్పారా, ఎవరి జవాబు వాళ్లకి కరెక్టని?"

"లెక్కల జోలికి రావద్దు బావగారూ!" మాస్టారు వేలు చూపించారు. ఆ వేలు చూసి ఎన్ని బ్యాచీలు వణికాయో! "మీరు మాత్రం? దొంగతనంగా తిప్పుతారా? మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ గుడివాడ బస్సులో మేక కథ చెప్తారు. ఏడుసార్లు చెప్పారు. ఏడుసార్లూ నవ్వాను!"

"నేను మీ ఇంట్లో కాకరకాయ పులుసు మూడుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను! నాకు కాకరకాయ చూస్తేనే డోకు!"

"మరి చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? చెల్లెమ్మగారు నొచ్చుకుంటారని!"

"ఆవిడ నొచ్చుకోదు! నాకూ అదంటే పడదు! నలభై ఏళ్లుగా తింటున్నాను!"

వీరయ్య ఇద్దరి మధ్య నిలబడి, ఎవర్ని పట్టుకోవాలో తెలియక చేతులు చాపుకుని ఉన్నాడు. ఆడవాళ్లిద్దరూ ఎప్పుడు దిగారో, ఖాళీ పెట్టెలు బోర్లేసుకుని నీడలో కూర్చున్నారు. కాయలు ఏరేవాళ్లు ఇచ్చిన రసాలు చెరొకటి పిసుకుతున్నారు.

"నలభై ఏళ్లా?" అంది మగ్దలేనమ్మ, రసం పీల్చడం ఆపి.

మాస్టారు వేలు దించేశారు. "అంటే... పుల్లగా చేసినప్పుడు బానే ఉంటుంది."

ముందుగా భాస్కరరావుకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు. మాస్టారి మొహం చూశాక ఆగలేదు. గడ్డి కుప్ప మీద చతికిలపడి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మాస్టారు కాసేపు బింకంగా నిలబడి, ఆయన పక్కనే కూలబడ్డారు. వీరయ్య ఒక ముసలాయన భుజం తట్టి, తర్వాత న్యాయంగా రెండో ఆయన భుజం కూడా తట్టి, నీళ్లు తేవడానికి వెళ్లాడు.

కారుని వెనక్కి లాగి, నత్తనడకన ఫణి షెడ్డుకి తీసుకెళ్లారు. ఫణి ఇంకో లారీ కింద ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు. పదిహేడు, పందొమ్మిది, పద్దెనిమిది, పదహారు, అన్నీ విన్నాడు. విని, చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"లోపలి రాడ్డు కూడా మార్చారా?"

"మార్చాం" అన్నాడు భాస్కరరావు.

"పాత రాడ్డు మీద పాత కీలు ఎన్ని చుట్లుందో ఆ లెక్క దానికేనండీ. రాడ్డూ మార్చి, కీలూ మార్చి, ఇంకో కంపెనీవి వేశాక ఆ లెక్కతో పనేంటి? కొత్తవాటి పొడుగు వేరు. కొలతపెట్టి సుమారుగా బిగించి, నేరుగా చక్రాలు తిన్నగా సరిచేసే అలైన్‌మెంటుకి తీసుకెళ్లడమే. పదిహేడు పెట్టినా తప్పే, పందొమ్మిది పెట్టినా తప్పే." వంగి చక్రాల వెనక టార్చి వేసి చూశాడు. నట్లన్నీ ఒకసారి బిగించి చూసి, స్ప్లిట్ పిన్నుల్ని వేలితో ముట్టుకున్నాడు. "బిగింపు మాత్రం మా వాళ్లకంటే బాగా చేశారు. బూట్లు కూడా ముడతల్లేకుండా కూర్చున్నాయి. పాత కీలు గూటిలోంచి ఎవరు కొట్టారండీ? ఒక్క గాటు లేదు."

ఇద్దరూ మగ్దలేనమ్మ వైపు చూశారు. ఆవిడ అద్దంలో చూసుకుంటూ మూతి మీద మామిడి రసం తుడుచుకుంటోంది.

ఫణి రాడ్డుని సుమారుగా సరిచేసి పంపాడు. అలైన్‌మెంటు చేసే చోట ఇరవై నిమిషాలు పట్టింది. కంప్యూటరు తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు ఒకటొకటే పచ్చగా మారుతుంటే మాస్టారు కళ్లార్పకుండా చూశారు. స్టీరింగు తిన్నగా నిలబడింది. చీకటి పడకముందే వియ్యాలవారు తమ ఇంటి ముందు దిగారు. గుమ్మం దగ్గర భాస్కరరావు ఒక్క క్షణం ఆగాడు. మాస్టారు ఆయన్ని దాటుకుని ముందు లోపలికెళ్లి, "నీళ్లు కావాలంటే కుండలో ఉన్నాయి, ముంచుకోండి" అన్నారు. భాస్కరరావు ముంచుకుని తాగాడు. ఆ ఇంట్లో అంత హాయిగా నీళ్లు తాగడం ఆయనకి అదే మొదటిసారి.

మరుసటి బుధవారం పొద్దున్నే ఫోను మోగింది. అవతల సలోమోను మాస్టారు.

"బావా, మా వాషింగ్ మిషను నీళ్లు వదలట్లేదని వెనక రేకు విప్పాను. అంతా మళ్లీ బిగించేశాను. బిగించాక చూస్తే ఆరు స్క్రూలు, ఒక స్ప్రింగు మిగిలాయి. ఏం చెయ్యమంటారు?"

"మీరిక దాన్ని ముట్టుకోకండి మాస్టారూ" అన్నాడు భాస్కరరావు. "ప్లగ్గు పీకెయ్యండి. సుత్తి మా చెల్లెమ్మ చేతికిచ్చి, మీరు బయటికొచ్చి కూర్చోండి. నేను బయల్దేరుతున్నా."